ఆట అయ్యాక అసలు శిక్షణ

నేల మీద ఒక చిన్న గుంజ. చేతిలో నాలుగు రింగులు. గుంజ నుంచి అడుగడుగుకీ ఒక సుద్దగీత. ఏ గీత మీద నిలబడి విసరాలన్నది ఆడేవాళ్ల ఇష్టం. దగ్గర గీత మీద నుంచి వేస్తే రింగు పడటం ఖాయం, పాయింట్లు మాత్రం ఒకటో రెండో. దూరం జరిగేకొద్దీ పాయింట్లు పెరుగుతాయి, గురి తప్పడమూ పెరుగుతుంది. విసిరే ముందు తనకు ఎన్ని పాయింట్లు వస్తాయో పైకి చెప్పాలి. ట్రైనర్ దాన్ని బోర్డు మీద రాస్తాడు. స్వయం ఉపాధి శిక్షణకు వచ్చిన యువతీయువకులు మొదట దీన్ని తీర్థంలో ఆడే ఆటే అనుకుంటారు. ఒకడు గుంజకు ఆనుకుని నిలబడి రింగును జారవిడుస్తాడు. ఇంకొకడు గోడదాకా వెళ్లి గురి చూస్తాడు. హాలంతా ఒకటే గోల. రౌండ్లన్నీ అయ్యాక ట్రైనర్ బోర్డు ముందు నిలబడి ఒక్కొక్కరినే అడుగుతాడు: "మొదటిసారి తప్పింది కదా, రెండోసారి ముందుకు జరిగావా, వెనక్కెళ్లావా? ఎందుకని?"

అప్పటిదాకా అరిచినవాళ్లు ఆలోచనలో పడేది అక్కడే. కుట్టుమిషను, సెల్‌ఫోన్ రిపేరు, పుట్టగొడుగుల పెంపకం... ఏ పని నేర్చుకోవడానికి వచ్చినా, రేపు అప్పు తెచ్చి దుకాణం పెట్టేటప్పుడు ఎంత సాహసం చేయాలో తేల్చుకోవాల్సింది వాళ్లే. ఆ తేల్చుకోవడాన్ని నాలుగు రింగులతో ముందే చేయించి చూపిస్తుంది ఈ ఆట.

దేశమంతటా బ్యాంకుల ఆధ్వర్యంలో నడిచే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థల్లో ఇలాంటి ఆటలు పాఠ్యక్రమంలో భాగం. ఈ సంస్థలకు మాతృక 1982లో ధర్మస్థల దగ్గర ఉజిరెలో మొదలైన రుడ్‌సెట్. ఆ నమూనా బాగుందని 2009 నుంచి కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ జిల్లాకో సంస్థ ఉండాలని ప్రోత్సహిస్తూ వచ్చింది. ఉత్తరాంధ్రలో స్వయం ఉపాధి శిక్షణ అనగానే చాలామందికి గుర్తొచ్చే ఊరు రాజాం. జీఎంఆర్ వరలక్ష్మీ ఫౌండేషన్ అక్కడ నడిపే నాగావళి గ్రామీణ సంస్థను జనం నైరెడ్ అంటారు.

రింగు ఆట పుట్టింది అమెరికాలోనే కావచ్చు. అది పెద్దవాళ్లకు, అందులోనూ వ్యాపారులకు పనికొస్తుందా లేదా అన్న పరీక్ష జరిగింది మాత్రం మన కాకినాడ వాళ్ల మీద.

హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ మెక్‌లెలాండ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఉండేవారు. ఏదైనా సాధించాలన్న తపన ఉన్న మనుషులు ఎక్కువగా ఉన్న సమాజం ఆర్థికంగా ఎదుగుతుందని ఆయన 1961లో ఒక పుస్తకం రాశారు. సరే, ఆ తపన పుట్టుకతో రావాల్సిందేనా, నేర్పితే వస్తుందా? ఈ ప్రశ్న పట్టుకుని 1964లో హైదరాబాద్‌లోని చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థతో చేతులు కలిపారు. అందరూ సియెట్ అని పిలిచిన ఆ సంస్థే ఇప్పుడు యూసుఫ్‌గూడలో ఉన్న జాతీయ సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల సంస్థ. కాకినాడ నుంచి యాభై మందికి పైగా వ్యాపారులు బ్యాచ్‌లుగా వచ్చి పది రోజుల చొప్పున అక్కడే ఉన్నారు.

వాళ్లకు ఎవరూ జమాఖర్చులు నేర్పలేదు. పన్నుల గురించీ చెప్పలేదు. ఒక బొమ్మ చూపించి, అందులో ఏం జరుగుతోందో కథ రాయమన్నారు. రాసిన కథల్లో మనుషులు ఏదైనా సాధించడానికి పూనుకుంటున్నారా, తలరాత అని కూర్చుంటున్నారా అని వాళ్లచేతే వెతికించారు. ఆటలు ఆడించారు. తామెవరో, ఏం కావాలనుకుంటున్నారో రాసుకోమన్నారు. చివర్లో రాబోయే రెండేళ్లలో తన వ్యాపారాన్ని ఏం చేయబోతున్నదీ ఎవరికి వారు పథకం వేసుకున్నారు. అరవయ్యో దశకంలో, ధోవతులు కట్టుకున్న కిరాణా, బియ్యం వ్యాపారులు హాల్లో కూర్చుని కథలు రాయడం ఊహించుకోండి. వచ్చినవాళ్లలో కొందరైనా "ఇదేం చదువురా నాయనా" అనుకునే ఉంటారు.

ఆ తర్వాత రెండేళ్లపాటు వాళ్లను గమనించారు. శిక్షణ ఇవ్వని రాజమండ్రి వ్యాపారులతో పోల్చి చూశారు. శిక్షణ పొందినవాళ్లు ఎక్కువ గంటలు పనిచేశారు, కొత్త వ్యాపారాల్లో ఎక్కువ పెట్టుబడి పెట్టారు, ఎక్కువ మందికి పని ఇచ్చారు. రేడియో దుకాణం నడిపే ఒకాయన రంగులు, వార్నిష్ తయారుచేసే ఫ్యాక్టరీ పెట్టాడు. 1969లో మెక్‌లెలాండ్, డేవిడ్ వింటర్ కలిసి ఈ వివరాలన్నీ పుస్తకంగా తెచ్చారు. ప్రపంచమంతటా మేనేజ్‌మెంట్ చదివేవాళ్లు కాకినాడ పేరు విన్నది అలాగే. కాకినాడలో ఈ సంగతి ఎంతమందికి తెలుసన్నది వేరే ప్రశ్న.

ఆ కథలో చాలామంది చదవకుండా దాటేసే ముక్క ఒకటుంది. శిక్షణ అందరి మీదా ఒకేలా పనిచేయలేదు. సొంత వ్యాపారం తన చేతిలో ఉండి, నిర్ణయం తానే తీసుకోగల వ్యక్తి మారాడు. అన్నగారో నాన్నగారో పెత్తనం చేసే దుకాణంలో కూర్చునే మనిషికి హైదరాబాద్‌లో ఎంత ఉత్సాహం వచ్చినా, ఇంటికి వచ్చాక దాన్ని పెట్టుకునే చోటు లేకపోయింది. అరవై ఏళ్ల కిందటే తేలిన ఈ సంగతి ఇప్పటికీ చాలా ఆఫీసుల శిక్షణ విభాగాలకు ఎక్కలేదు.

సియెట్‌లో ఆ రోజుల్లో పనిచేసిన ఉదయ్ పారీక్, ఆ తర్వాత మన తెలుగువాడైన టి.వి.రావు కలిసి 1970ల మధ్యలో లార్సన్ అండ్ టూబ్రో కంపెనీ కోసం మానవ వనరుల అభివృద్ధి విభాగానికి రూపకల్పన చేశారు. దేశంలో ఆ పేరుతో వచ్చిన మొదటి విభాగం అదే. అహ్మదాబాద్‌లో 1983లో వచ్చిన ఆంట్రప్రెన్యూర్‌షిప్ సంస్థ కూడా ఇదే దారిలో నడిచింది. ఆ దారి తిరిగి తిరిగి, కళ్లకు గంతలు కట్టుకుని ఎడమచేత్తో చెక్కముక్కల గోపురం పేర్చే ఆటగా, మన మండలాల నుంచి వచ్చిన యువత ముందు నిలిచింది. ఆ గోపురం ఆటలో కళ్లు మూసుకున్నవాడు పనివాడు, పక్కన నిలబడి చెప్పేవాళ్లు సూపర్‌వైజరూ మేనేజరూ. పడిపోతుంది పడిపోతుంది అని కంగారు పెట్టేవాడి దగ్గర గోపురం ఎత్తు పెరగదు. మేనేజరు ఎలా ఉండాలో అరగంట ఉపన్యాసం ఇచ్చినా ఇంత బాగా అర్థం కాదు.

వ్యాపారుల సంగతి ఇది. పది మందిని ముందుండి నడిపించే మనిషిని తయారుచేయడం ఇంకో విద్య. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో దానికి పెద్ద ప్రయోగశాల అయింది వెలుగు పథకం.

2000లో ప్రపంచ బ్యాంకు సాయంతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వెలుగు పేరుతో జిల్లా పేదరిక నిర్మూలన ప్రాజెక్టు మొదలైంది. తొలి విడతకు ఎంచుకున్న ఆరు జిల్లాల్లో శ్రీకాకుళం, విజయనగరం రెండూ ఉన్నాయి. మిగతావి ఆదిలాబాద్, మహబూబ్‌నగర్, అనంతపురం, చిత్తూరు. దీన్ని నడిపిన గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ, అంటే సెర్ప్, తర్వాత మిగతా జిల్లాలకూ విస్తరించింది. ఇందిరా క్రాంతి పథం, వైఎస్సార్ క్రాంతి పథం అంటూ పేర్లు మారినా, ఊళ్లో ఆడవాళ్లకు అది ఇప్పటికీ డ్వాక్రానే, వెలుగే.

పని మొదలైన తీరు చూడాలి. పథకానికి అసలు పేదలెవరో తేల్చాలి. తెల్లరేషన్ కార్డుల జాబితా పట్టుకుని కూర్చుంటే ఆ పని జరగదు. అందుకని రామమందిరం ముందు నేల ఊడ్చి, ఊరి పటం వేయమన్నారు. ముగ్గుపిండితో వీధులు, ఇటుకపొడితో చెరువుగట్టు, వేపాకులతో తోటలు. చింతగింజలు పెడితే ఇళ్లు. ఎవరిల్లు ఎక్కడో చూపించాక, ఏ ఇంట్లో ఏడాదంతా గింజలుంటాయి, ఏ ఇంటివాళ్లు వలస పోతారు, ఏ ఇంటికి మగదిక్కు లేదు అని ఊరివాళ్లే చెప్పుకొచ్చారు. నిరుపేదలు, పేదలు, మధ్యతరగతి, ఉన్నవాళ్లు అని విడదీసిందీ వాళ్లే.

"మాకేటి తెలుస్తాది బాబూ" అని వెనకాల నిలబడే మనిషి, తన ఇంటిని తప్పుచోట పెడితే మాత్రం ఊరుకోదు. వచ్చి గింజ తీసి సరైన చోట పెడుతుంది. పదిమందిలో ఆమె తీసుకున్న మొదటి నిర్ణయం అదే కావచ్చు. కాగితం మీద పటమైతే పెన్ను పట్టుకున్నవాడిదే పెత్తనం. ముగ్గు మాత్రం ఆమెకు రోజూ చేతిలో ఉన్న విద్య. గ్రామాభివృద్ధి రంగంలో పేరున్న ఆంగ్లేయ ఆచార్యుడు రాబర్ట్ చాంబర్స్ ఈ పద్ధతి గురించి చెబుతూ, అధికారి చేతిలోని కర్రను ఊరివాళ్ల చేతికి ఇవ్వడమే అసలు పని అనేవారు. ఆయన ఈ పద్ధతులకు పదును పెట్టుకున్నది చాలావరకు మన దేశంలోని పల్లెల్లోనే.

ఆ తర్వాత మహిళల పొదుపు సంఘాలు, గ్రామైక్య సంఘాలు, మండల సమాఖ్యలు, జిల్లా సమాఖ్య. ఒక్కో మెట్టులో కొత్త నాయకురాళ్లు కావాలి. పుస్తకాలు రాయగలగాలి, బ్యాంకు మేనేజరు ముందు కూర్చుని మాట్లాడగలగాలి. శిక్షణలో ఒకామె మేనేజరు, ఒకామె అప్పు అడిగే సభ్యురాలు. కాసేపటికి పాత్రలు మారతాయి. మేనేజరు కుర్చీలో కూర్చున్న మనిషి "రేపు రండి" అనడం ఎంత తేలికో గ్రహిస్తుంది, ఆ మాటకు జవాబు ఏం చెప్పాలో ఎదుటామె నేర్చుకుంటుంది. తప్పెటగుళ్లు, జముకుల కథ చూస్తూ పెరిగిన ప్రాంతం ఇది. వేషం కట్టి మాట్లాడటం ఇక్కడివాళ్లకు వేరే నేర్పక్కర్లేదు.

అన్నిటికన్నా తెలివైన మలుపు సీఆర్‌పీల, అంటే కమ్యూనిటీ రిసోర్స్ పర్సన్ల పద్ధతి. సంఘం వల్ల తన బతుకు బాగుపడిన మహిళే వేరే ఊరికి శిక్షకురాలిగా వెళ్లడం. ఆమె పట్టా చూపించదు, తన కథ చెబుతుంది. ఎంత అప్పుండేది, ఎలా తీర్చింది, మొగుడు ఏమన్నాడు, మొదటిసారి సంతకం చేసినప్పుడు చెయ్యెలా వణికింది. ముగ్గురు నలుగురు కలిసి వెళ్లి ఒక్కో ఊళ్లో పదిహేను రోజులుంటారు. ఆ ఊరివాళ్ల ఇళ్లలోనే తిని, అక్కడే పడుకుని సంఘాలు పెట్టిస్తారు. కర్నూలు జిల్లా ఓర్వకల్లు మహిళలు ఇందులో ముందు నడిచారు. క్రమంగా ఆంధ్ర మహిళలు బిహార్‌తో సహా ఇతర రాష్ట్రాలకూ వెళ్లారు. హిందీ అంతంత మాత్రంగా వచ్చినా పని ఆగలేదు. 2011లో జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ వచ్చినప్పుడు ఈ పద్ధతినే దేశమంతటికీ తీసుకుంది. సెర్ప్‌ను దాదాపు దశాబ్దం నడిపిన టి.విజయకుమార్ ఆ మిషన్‌లోనూ పనిచేశారు. ఇప్పుడు దేశంలో 10 కోట్లకు పైగా గ్రామీణ మహిళలు ఆ సంఘాల గొడుగు కింద ఉన్నారు.

ఇంత చెప్పాక రెండో వైపూ చెప్పాలి. లీడరు పదవి చేతులు మారుతూ ఉండాలన్నది సంఘాల నియమం. ఏళ్ల తరబడి ఒకే మనిషి లీడరుగా ఉన్న సంఘాలు ప్రతి మండలంలోనూ కనిపిస్తాయి. శిక్షణలకు వెళ్లేదీ ఆమే, బ్యాంకుకు వెళ్లేదీ ఆమే. సభ్యులు సంతకాలకు మాత్రం వస్తారు. ముగ్గు పటం ముందు అందరి చేతికీ వచ్చిన కర్ర, మెల్లగా ఒకరి చేతిలో స్థిరపడిపోయింది.

పొలంలోనూ ఈ తరహా చదువు ఉంది. 1989లో ఇండోనేషియాలో వరిని సుడిదోమ పీల్చేస్తున్నప్పుడు మొదలైన రైతు క్షేత్ర పాఠశాలలే మన దగ్గర పొలంబడులయ్యాయి. వారానికోసారి తెల్లవారుతూనే పాతికమంది రైతులు మడిలోకి దిగి, కొన్ని దుబ్బులు పరీక్షించి, గట్టు మీదకు వచ్చి పెద్ద కాగితం మీద బొమ్మ వేయాలి. మధ్యలో వరి దుబ్బు. ఒక పక్క ఆకుముడత, కాండం తొలిచే పురుగు. ఇంకో పక్క సాలీడు, అక్షింతల పురుగు. పైన సూర్యుడో మబ్బో. పొలంలో నీళ్లెన్ని ఉన్నాయో నీలిరంగు గీత. అప్పుడు ఒక జట్టు తన బొమ్మ చూపించి, ఈ వారం మందు కొట్టాలా వద్దా తేల్చాలి. మిగతావాళ్లు అడ్డు ప్రశ్నలు వేస్తారు. పురుగుమందుల దుకాణం వాడు ఏదిస్తే అది కొట్టే రైతు, సాలెపురుగుల లెక్క చెప్పి "ఈ వారం వద్దు" అని నలుగురిలో వాదిస్తాడు. వంశధార ఆయకట్టు రైతు అయినా, నాగావళి కింద రైతు అయినా, చేతిలో స్కెచ్ పెన్ పట్టుకోవడానికి మొదట కాస్త సిగ్గుపడతాడు. రెండో వారానికి పెన్ను ఇమ్మంటే ఇవ్వడు.

ఇక కంపెనీల సంగతి. నాయకత్వ శిక్షణ అంటే నక్షత్రాల హోటల్లో రెండు రోజులు, కాఫీ, బిస్కెట్లు, బెలూన్లు ఊదే ఆట, చివర్లో గ్రూప్ ఫొటో. ఆ ట్రైనర్లలో గిరీశాలకు కొదవ లేదు. 1892లో విజయనగరంలో తొలిసారి కన్యాశుల్కం ఆడినప్పుడే గురజాడ అప్పారావు ఆ మనిషిని మనకు చూపించారు. వెంకటేశానికి చదువు చెప్పడానికొచ్చి, నోటిధాటితో ఇంటిల్లిపాదినీ బుట్టలో వేసుకున్న గురువుగారు. శిష్యుడికి ఏం వచ్చిందని మాత్రం ఎవరూ అడక్కూడదు.

అందరూ కూర్చుని తోచిందల్లా చెప్పే బ్రెయిన్‌స్టార్మింగ్ సంగతే తీసుకోండి. అమెరికన్ ప్రకటనల సంస్థ పెద్ద అలెక్స్ ఆస్‌బర్న్ 1953లో దాన్ని పుస్తకంగా ప్రచారం చేశారు. ఐదేళ్లకే యేల్ విశ్వవిద్యాలయంలో పరీక్షించి చూస్తే, గుంపుగా కూర్చున్నవాళ్ల కంటే విడివిడిగా ఆలోచించినవాళ్ల దగ్గరే ఎక్కువ ఆలోచనలు తేలాయి. గుంపులో ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఆగాలి, నవ్వుతారేమోనని కొందరు నోరు మెదపరు. ముందు ఎవరికి వారు చీటీ మీద రాసుకుని తర్వాత చర్చకు పెడితే ఈ చిక్కు చాలావరకు పోతుంది. ఖర్చు కూడా లేదు. అయినా ఇప్పటికీ చాలాచోట్ల గట్టిగా మాట్లాడే ఇద్దరి ఆలోచనలే బోర్డెక్కుతాయి.

భాష ఇంకో అడ్డంకి. రణస్థలం మండలం పైడిభీమవరం చుట్టూ మందుల ఫ్యాక్టరీలున్నాయి. అలాంటి చోట రసాయనాల మధ్య పనిచేసే మనిషికి భద్రత గురించి ఇంగ్లిష్ స్లైడ్లు చూపించి, చివర్లో సంతకం పెట్టించుకుంటే శిక్షణ రికార్డు నిండుతుంది. అతనికి ఏం అర్థమైందో ఎవరికీ తెలియదు. ఏటా మార్చి 4న భద్రతా దినోత్సవం నాడు కార్మికులే వేసే చిన్న నాటకాలు దీనికన్నా ఎంతో నయం. మాస్కు తీసేసి ట్యాంకులోకి దిగినవాడి కథను తోటివాడే తన యాసలో ఆడి చూపిస్తే, చూసేవాడికి అందులో తన మేస్త్రీ కనిపిస్తాడు, తానూ కనిపిస్తాడు. ఏడాదికోసారి జరిగే ఆ నాటకాన్ని నెలకోసారి షిఫ్టు మొదట్లో పది నిమిషాలు వేయిస్తే ఏ కంపెనీకీ నష్టం లేదు.

నేర్చుకునేవాడి భాషలోకి గురువే వెళ్లాలన్న పట్టుదల ఈ నేలకు కొత్త కాదు. శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి, పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవర భాష నేర్చుకున్నారు. సవర పిల్లలకు వాళ్ల భాషలోనే పుస్తకాలు తయారుచేశారు. ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది. పిల్లలకు అర్థం కాని గ్రాంథికంలో పాఠాలెందుకని పాఠశాలల తనిఖీ అధికారి జె.ఎ.యేట్స్, గురజాడ, పి.టి.శ్రీనివాస అయ్యంగార్లతో కలిసి ఆయన మొదలుపెట్టిన పోరు వ్యావహారిక భాషోద్యమం అయింది. దాన్ని మనం భాష గొడవగానే గుర్తుపెట్టుకున్నాం. అందులో టీచర్లు ఎలా నేర్పాలన్న గొడవ కూడా అంతే ఉంది.

ఇన్ని చోట్ల చూశాక తేలేది ఏమిటంటే, ఆటలూ బొమ్మలూ నాటకాలూ శిక్షణలో సగమే. రింగులు విసిరాక జరిగే మాటల్లో, ముగ్గు పటం చుట్టూ జరిగే వాదనలో, పొలంబడి గట్టు మీద వచ్చే అడ్డు ప్రశ్నల్లో మిగతా సగం ఉంది. చాలా శిక్షణల్లో భోజనాలకు ఆలస్యమవుతోందని మొదట కోసేది ఆ చర్చనే. ఇంకోటి, ఇంటికి వెళ్లాక వెన్నంటి ఉండటం. స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు శిక్షణ అయ్యాక రెండేళ్లపాటు అభ్యర్థుల వెంట ఉండి బ్యాంకు రుణం, దుకాణం సంగతులు చూడాలన్న నియమం పెట్టుకున్నాయి. లక్షలు ఖర్చుపెట్టి మేనేజర్లకు నాయకత్వం నేర్పించే కంపెనీల్లో ఆరు నెలలకు ఒకసారైనా "నేర్చుకున్నదాంట్లో ఏం చేయగలిగావు, ఎవరు అడ్డొచ్చారు" అని అడిగేవి ఎన్ని?

పలాస జీడిపప్పు ఫ్యాక్టరీ యజమాని అయినా, సహకార సంఘం కార్యదర్శి అయినా, పాతికమంది సిబ్బంది ఉన్న ఆసుపత్రి మేనేజరైనా, ఈసారి ట్రైనర్‌ను పిలిచేటప్పుడు రెండు సంగతులు ముందే మాట్లాడుకోండి. ఒకటి, ప్రతి ఆట తర్వాత చర్చకు ఆటకు పట్టినంత సమయమైనా కేటాయించమనండి. రెండోది మీరు చేయాల్సింది: శిక్షణకు పంపే మనిషికి, తిరిగొచ్చాక మీ అనుమతి అడక్కుండా తానే తేల్చుకోగల పని ఒక్కటైనా అప్పగించండి. అది కుదరదనుకుంటే ఆ డబ్బుతో సిబ్బందికి బోనస్ ఇవ్వడమే మేలు.